ఆగే వంతు ఎవరిది?

(టీవీలో సినిమాల వేళల మీద చేసిన స్మారకోపన్యాస పాఠం)



మా ఫిల్మ్ సొసైటీ మాస్టారి పేరు మీద జరిగే సభలో ఆయన్ని పొగుడుతూ కూర్చుంటే ఆయనకే నచ్చదు. ఫిల్మ్ సొసైటీ రోజుల్లో సినిమా అయ్యాక మేమంతా కెమెరా గురించీ ఎడిటింగ్ గురించీ గొప్పగా మాట్లాడుతుంటే, ఆయన రీలు చుట్టుకుంటూ, "అదంతా సరే, దీనికి డబ్బెవరు పెట్టారు?" అని అడిగేవారు. అప్పట్లో మాకది మోటు ప్రశ్నలా తోచేది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు లోబడిందే. టీవీలో సినిమా ఎప్పుడు వెయ్యొచ్చు, ఎప్పుడు వెయ్యకూడదు అనేది పైకి గడియారం వ్యవహారంలా కనిపిస్తుంది. అందులో అసలు తేలాల్సింది ఒకటే. ఒక సినిమాని కొందరు ముందు చూస్తారు, కొందరు ఆగి చూస్తారు. ఆ ఆగే వంతు ఎవరిది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు?

ఫ్రాన్స్‌తో మొదలుపెడతాను. ఈ సంగతిని ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి ఎక్కించి, వారాలూ గంటలూ రాసిపెట్టుకున్న దేశం అది. అక్కడి ఛానళ్ల మీద ఇలాంటి షరతులు అంతకుముందూ ఉన్నాయి గానీ, 1990 జనవరి 17 నాటి డిక్రీ వాటికి ఒక గట్టి రూపం ఇచ్చింది. అప్పట్లో దాని ప్రకారం మామూలు టీవీ ఛానళ్లు బుధవారం సాయంత్రం సినిమా వెయ్యకూడదు. శుక్రవారం సాయంత్రమూ వెయ్యకూడదు. శనివారం రోజంతా వెయ్యకూడదు. ఆదివారమైతే రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆగాలి. మిగిలిన రోజుల్లోనూ ఇష్టం వచ్చినన్ని వెయ్యడానికి లేదు. అప్పటి పరిమితి ఏడాదికి 192 సినిమాలు, అందులో రాత్రి ఎనిమిదిన్నరకీ పదిన్నరకీ మధ్య పడేవి 104 మించకూడదు. వేసినవాటిలో 60 శాతం ఐరోపా సినిమాలు, 40 శాతం ఫ్రెంచి భాషా చిత్రాలు ఉండితీరాలి.

ఈ రోజుల ఎంపికలో ఒక సమాజం వారం రోజులు ఎలా బతుకుతుందో కనిపిస్తుంది. మనకి శుక్రవారం ఎలాగో వాళ్లకి బుధవారం అలాగ, కొత్త సినిమా విడుదలయ్యే రోజు. వారం మధ్యలో పిల్లలకి బడి లేని రోజును 1972లో గురువారం నుంచి బుధవారానికి మార్చారు. పిల్లల్ని వెంటబెట్టుకుని హాలుకు వెళ్లడానికి అది అనువైన రోజు అయింది. శుక్ర, శనివారాలు జనం ఇల్లు వదిలి బయటికొచ్చే రాత్రులు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కుటుంబమంతా హాలుకు పోతుంది. ఆ రాత్రి మాత్రం మర్నాడు పనులున్నాయని ఎవరూ కదలరు. కదలని ఆ జనాన్ని టీవీకి వదిలేశారు. అందుకే ఫ్రెంచి ఇళ్లలో ఆదివారం రాత్రి టీవీ సినిమా ఒక ఆనవాయితీగా స్థిరపడింది. హాలు వదులుకున్న గంటలే టీవీకి దక్కాయి.

ఒక మినహాయింపు ఉండేది, నాకు చాలా ఇష్టమైనది. బుధ, శుక్రవారాల్లో కూడా రాత్రి పదిన్నర దాటాక ఫిల్మ్ క్లబ్ కార్యక్రమంలో భాగంగా కళాత్మక చిత్రాలు వేసుకోనిచ్చేవారు. శుక్రవారం రాత్రి పొద్దుపోయాక పాత నలుపు తెలుపు సినిమా కోసం మేలుకుని కూర్చునేవాడు హాలువాడికి పోటీ కాదని చట్టానికి తెలుసు. మన ఫిల్మ్ సొసైటీల వాళ్లకి ఇంతటి మర్యాద ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకు పడ్డారంటే, వాళ్లు భయపడ్డారు. 1957లో ఫ్రాన్స్ సినిమా హాళ్లలో 41 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. 1992 నాటికి అవి 11 కోట్ల 60 లక్షల దగ్గరికి పడిపోయాయి. దానికి టీవీ ఒక్కటే కారణమని నేననను. జనం ఊళ్ల చివర కొత్త కాలనీలకు తరలిపోయారు, కార్లు కొన్నారు, సెలవులు పెరిగాయి. అయినా నేరం మోపడానికి ఇంటిలోపల కూర్చున్న పెట్టె దగ్గరగా కనిపించింది. 1986లో లా సాంక్ లాంటి ప్రైవేటు ఛానళ్లు వచ్చి సినిమాలు కుప్పలుగా వెయ్యడం మొదలుపెట్టాక ఆ భయం రెట్టింపైంది.

మరి ఈ నిషిద్ధ దినాలు హాళ్లను కాపాడాయా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అంతగా కాపాడలేదు. నిబంధన కట్టుదిట్టంగా అమల్లో ఉన్న కాలంలోనే టికెట్లు అడుగంటాయి. 2019లో మళ్లీ 21 కోట్లు దాటాయంటే దాని వెనక మల్టీప్లెక్సులున్నాయి, సినిమాల్లోకి వచ్చిన పెట్టుబడి ఉంది. ఈలోగా టీవీ వాళ్లకే సినిమా మీద మోజు తగ్గింది. 2000 తరవాత అమెరికన్ సీరియళ్లకి వచ్చినంత జనం సినిమాకి రావడం మానేశారు. ఆ పైన ఇంటర్నెట్ వేదికలు వచ్చి బుధవారమని లేదు, శనివారమని లేదు, ఏ గంటకైనా ఏ సినిమా అయినా అందుబాటులో పెట్టాయి. చివరికి ఆ నిషేధం కట్టిపడేసింది ఎవర్నంటే, ఫ్రెంచి సినిమాకి డబ్బు కడుతున్న ఫ్రెంచి ఛానళ్లని. 2020 ఆగస్టులో కొత్త డిక్రీతో దాన్ని ఎత్తేశారు, శనివారం రాత్రి మీద మాత్రం కొంత ఆంక్ష మిగిల్చారు. అదే నెలలో, అంతవరకూ నిషేధంలో ఉన్న సినిమా ప్రకటనల్ని కూడా టీవీలో వేసుకోనిచ్చారు. అవును, కొత్త సినిమాకి టీవీలో ప్రకటన ఇవ్వడమే అప్పటిదాకా అక్కడ కుదరని పని. భారీ ఖర్చు పెట్టగల హాలీవుడ్ ముందు చిన్న సినిమా గొంతు వినపడదని వాళ్ల వాదన. మన టీవీల్లో ఒక్క పెద్ద సినిమా విడుదలకు ముందు వారం ఎలా ఉంటుందో తలుచుకుంటే ఆ వాదనలో పస కనిపిస్తుంది.

రోజుల నిషేధం అలా పోయింది. దాని పక్కనే పుట్టిన ఇంకో ఏర్పాటు పోలేదు, పైగా గట్టిపడింది. హాల్లో విడుదలైన సినిమా ఎన్నాళ్లకి ఎక్కడెక్కడికి వెళ్లాలో వరసగా నిర్ణయించే పట్టిక అది. మీడియా కాలక్రమం అని పిలుస్తారు. దీని వేళ్లు 1982 జులై నాటి దృశ్యశ్రవణ చట్టంలో ఉన్నాయి. మొదట వీడియో క్యాసెట్టు ఏడాది ఆగాలన్నారు. క్యాసెట్ల వాళ్లు ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లారు. సరుకుల రాకపోకలకి అడ్డు తగలకూడదన్న ఐరోపా ఒప్పందానికి ఇది విరుద్ధం కాదా అని వాళ్ల ప్రశ్న. 1985లో సినెతెక్ కేసులో న్యాయస్థానం ఫ్రాన్స్ వైపు మొగ్గింది. దేశీ విదేశీ తేడా లేకుండా అన్ని క్యాసెట్లనీ ఒకేలా ఆపుతున్నప్పుడు, సినిమా నిర్మాణాన్ని ప్రోత్సహించడం కోసం అలా ఆపొచ్చంది. 1989లో ఐరోపా సమాజం తన టెలివిజన్ ఆదేశంలో హాలుకూ టీవీకీ మధ్య రెండేళ్ల గడువు పెట్టింది, సినిమాలో ఛానల్ భాగస్వామి అయితే ఏడాది. 1997లో దాన్ని సడలించి, హక్కుదారులూ ఛానళ్లూ మీలో మీరే మాట్లాడుకోండని వదిలేసింది. ఫ్రాన్స్ మాత్రం వదల్లేదు.

ఎందుకు వదల్లేదో అర్థం కావాలంటే కెనాల్ ప్లస్ కథ చెప్పుకోవాలి. 1984 నవంబరులో మొదలైన చందా ఛానల్ అది. దానికి ప్రభుత్వం ఒక వరం ఇచ్చింది, ఒక శిస్తు వేసింది. అందరికంటే ముందు, ఏడాదికే సినిమా వేసుకోవచ్చన్నది వరం. రాబడిలో పెద్ద వాటా సినిమాలు కొనడానికి, అందులోనూ ఫ్రెంచి సినిమాలకి ముందస్తుగా పెట్టుబడి పెట్టడానికి ఖర్చు చెయ్యాలన్నది శిస్తు. నలభై ఏళ్లుగా ఫ్రెంచి సినిమాకి అతి పెద్ద పోషకుడు ఆ ఛానలే. 2022 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం అది హాలు తరవాత ఆరు నెలలకే సినిమా వేసుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్ పదిహేను నెలలు ఆగాలి. మిగతా వేదికలు పదిహేడు నెలలు. చందా లేని మామూలు టీవీ ఇరవై రెండు నెలలు. 2025లో డిస్నీ ఎక్కువ పెట్టుబడికి మాటిచ్చి తన వంతును తొమ్మిది నెలలకు దించుకుంది. అదే ఏడాది కెనాల్ ప్లస్ తన ఆరు నెలల స్థానం నిలుపుకుంటూ మూడేళ్లలో 48 కోట్ల యూరోలు సినిమాలకి ఇస్తానని సంతకం చేసింది.

ఈ అంకెల్ని వరసలో పెట్టి చూడండి. పెట్టుబడి పెరిగేకొద్దీ ఆగే కాలం తగ్గుతోంది. రేపటి సినిమాకి ఎవరు ఎక్కువ ఇస్తారో వాళ్లు నేటి సినిమాని ముందు చూపిస్తారు. రోజుల నిషేధంలో లేనిదీ, ఇందులో ఉన్నదీ ఇదే. నిషేధం "వద్దు" అని మాత్రమే అంది. పట్టిక "ఇచ్చి తీసుకో" అంటుంది. అందుకే మొదటిది గాలికి పోయింది, రెండోది గొడవల మధ్య కూడా నిలబడింది.

గొడవలు తక్కువేం కాదు. 2017లో కాన్ చిత్రోత్సవంలో నెట్‌ఫ్లిక్స్ వాళ్ల రెండు సినిమాలు పోటీలో ఉంటే ఫ్రెంచి హాళ్ల యజమానులు మండిపడ్డారు. అప్పట్లో చందా వేదికలు 36 నెలలు ఆగాలి. హాల్లో వేస్తే మూడేళ్ల దాకా తన వేదిక మీద చూపించుకోలేదు కనుక నెట్‌ఫ్లిక్స్ ఫ్రాన్స్‌లో హాలుకే ఇవ్వనంది. హాల్లో వెయ్యని సినిమాకి పోటీలో చోటు లేదని మరుసటి ఏడాది నుంచి కాన్ తీర్మానించింది. 2022 చివర్లో డిస్నీ తన యానిమేషన్ చిత్రం 'స్ట్రేంజ్ వరల్డ్'ని ఫ్రాన్స్ హాళ్లకి ఇవ్వకుండా నేరుగా తన వేదిక మీద పెట్టి అలిగింది. 2017 నాటి మూడేళ్ల గడువు అన్యాయమే, నా దృష్టిలో. కానీ అలిగినవాళ్లు ఆ తరవాత బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఎందుకంటే అక్కడ బల్ల ఉంది. పరిశ్రమలో ఎక్కువ వర్గాలు సంతకం చేసిన ఒప్పందాన్ని సంస్కృతి మంత్రిత్వ శాఖ ఉత్తర్వుగా జారీ చేస్తే, సంతకం చెయ్యనివాళ్లకీ అది వర్తిస్తుంది.

ఇంగ్లండు వేరే దారి పట్టింది. ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. 1958లో అక్కడి పరిశ్రమ ఫిడో అని ఒక రక్షణ సంస్థ పెట్టుకుని, టికెట్టు మీద కొంత చందా వసూలు చేసి, ఆ డబ్బుతో బ్రిటిష్ సినిమాల టీవీ హక్కులు తానే కొని మూలపడేసింది. చూపించకుండా ఉండడానికి డబ్బు! 1964కల్లా దుకాణం కట్టేసింది.

ఇక మన సంగతి. గడువులు మనకి టీవీతో వచ్చినవి కావు. ఎ సెంటర్, బి సెంటర్, సి సెంటర్ అన్న లెక్క గుర్తున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. ప్రింట్లు తక్కువ. పట్నంలో యాభై రోజులో వంద రోజులో ఆడి, గీతలు పడి, అతుకులు పడి, ఆ రీలు డబ్బాలు బస్సు టాపు మీద చిన్న ఊరికి చేరేవి. టూరింగ్ టాకీస్ దాకా వచ్చేసరికి పాటల్లో చరణాలు ఎగిరిపోయి ఉండేవి. ఆ వ్యవస్థలో ఆగినవాడు పల్లెటూరివాడు. అతను ఎందుకు ఆగాలో ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ అడగలేదు. తక్కువ ఇచ్చేవాడు చివర్న చూస్తాడు, అంతే. ఫ్రెంచి పట్టికకీ దీనికీ సూత్రం ఒకటే అనిపించవచ్చు. తేడా ఒకటుంది. సి సెంటర్‌వాడు చివరికి ఇచ్చిన నేలటికెట్టు డబ్బు రేపటి సినిమాకి చేరుతుందన్న పూచీ ఎక్కడా లేదు.

తరవాత దూరదర్శన్ వచ్చింది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం ఆదివారం సాయంత్రాన్ని హాళ్లకి అట్టేపెడితే, మన దగ్గర ప్రభుత్వ టీవీయే సరిగ్గా ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వేసేది. వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల కుప్ప. ఆ పూట హాల్లో ఫస్ట్ షోకి కుర్చీలు ఖాళీ. వినోదపు పన్ను రాష్ట్రానిది, దూరదర్శన్ కేంద్రానిది. హాలు యజమానికి మాత్రం ఇద్దరూ ప్రభుత్వమే. ఒకరు టికెట్టు మీద పన్ను తీసుకున్నారు, ఇంకొకరు టికెట్టు కొనేవాణ్ణి తీసుకున్నారు. ఫ్రాన్స్‌లో టికెట్టు మీద పడే 10.72 శాతం ప్రత్యేక పన్ను జాతీయ సినిమా కేంద్రానికి వెళ్లి, తిరిగి సినిమాలకీ హాళ్లకీ చేరుతుంది. టీవీ ఛానళ్లు కూడా ఆ నిధికి కడతాయి. మన వినోదపు పన్ను ఖజానాలో కలిసింది, 2017లో జీఎస్టీలో కరిగింది.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సినిమా వేళలు ఛానళ్ల చేతికి వెళ్లాయి. సంక్రాంతి, ఉగాది, దసరా పూటల్లో కొత్త సినిమా మొదటిసారి వెయ్యడం ఆచారమైంది. కొత్త సినిమాల విడుదలలూ ఆ పండగలకే. దీని మీద చట్టం ఏమంది? ఏమీ అనలేదు. మన చట్టానికి సినిమా వేళ మీద శ్రద్ధ పుట్టేది ఒక్క విషయంలోనే, పిల్లలు మేలుకుని ఉంటారా లేదా అని. కేబుల్ టీవీ నిబంధనలు అందరూ చూడదగినదని సర్టిఫికెట్ పొందిన సినిమాలనే వెయ్యమన్నాయి. ఛానళ్ల సంఘం 2011లో రాసుకున్న స్వీయ నియమాలు పెద్దల సరుకును రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదు దాకా పెట్టుకోమన్నాయి.

ఈ శ్రద్ధ ఎంత విచిత్రంగా నడుస్తుందో 2012 ఏప్రిల్‌లో చూశాం. ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన సిల్క్ స్మిత జీవితాన్ని తలపించే 'ది డర్టీ పిక్చర్'ని ఒక ఛానల్ ఆదివారం మధ్యాహ్నం, మళ్లీ రాత్రి వెయ్యబోయింది. పదుల కొద్దీ కోతలు పెట్టి టీవీ కోసం మళ్లీ సెన్సారు చేయించుకున్న ప్రతి అది. సమాచార ప్రసార శాఖ, రాత్రి పదకొండు తరవాత వేసుకోమంది. ఛానల్ ఆఖరి నిమిషంలో ప్రసారం ఆపేసింది. కొన్ని వారాల ముందే ఆ చిత్రానికి విద్యా బాలన్ జాతీయ ఉత్తమ నటి అవార్డు గెలుచుకుంది, ఇచ్చేదీ అదే శాఖ. స్మిత మీద సమాజం ఆమె బతికున్నప్పుడు పెట్టిన ఆంక్ష లాంటిదే ఇదీ: చూస్తాం, కానీ చీకటి పడ్డాక. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం పెద్దల సినిమాలకి టీవీ కోసం విడి సర్టిఫికెట్ ఏర్పాటు చేసింది. మంచిదే. హాలుకీ టీవీకీ మధ్య దూరం గురించి మాత్రం అందులోనూ మాట లేదు.

చట్టం మాట్లాడనిచోట బలం మాట్లాడుతుంది. 2013లో కమల్ హాసన్ 'విశ్వరూపం'ని హాళ్ల కంటే కొన్ని గంటల ముందు డీటీహెచ్‌లో చూపిస్తానంటే హాళ్లవాళ్లు అడ్డం తిరిగారు, ఆయన వెనక్కి తగ్గాల్సి వచ్చింది. 2021 వినాయక చవితికి నాని 'టక్ జగదీష్' నేరుగా అమెజాన్‌లో వచ్చింది. అదే రోజుకి 'లవ్ స్టోరీ' హాళ్లలో రావాలని అప్పటికి అనుకున్నారు. పండగ పూట ఇంట్లో కొత్త సినిమా పెడితే మా హాలుకెవరొస్తారని తెలంగాణ ఎగ్జిబిటర్లు నటుడి మీద విరుచుకుపడ్డారు, తరవాత కొందరు విచారం చెప్పారు. వాళ్ల మాట తీరు బాగాలేదు. కానీ వాళ్లు అడిగింది ఫ్రెంచి చట్టం ముప్పయ్యేళ్లు అమలు చేసిన విషయమే. కొత్త సినిమా వచ్చే రోజు హాలుకి వదలండని. చట్టంగా అడిగే చోటు లేక తిట్టుగా అడిగారు.

2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ కూర్చుని, ఓటీటీకి ఎనిమిది వారాల గడువని తేల్చారు. 'పుష్ప 2' నిర్మాతలు 56 రోజుల లోపు ఎక్కడా రాదని ప్రకటించి, మాట నిలబెట్టుకున్నారు. హిందీ ప్రాంతపు మల్టీప్లెక్సులు ఎనిమిది వారాలు లేకుంటే తెర ఇవ్వమనడం అందులో సగం బలం. పెద్ద సినిమాకి సరే. మొదటి వారంలోనే హాలు నుంచి దిగిపోయిన చిన్న సినిమా ఎనిమిది వారాలు ఎవరికోసం ఆగాలి? ఫ్రెంచి పట్టికలో దీనికి జవాబుంది. లక్ష టికెట్లు కూడా తెగని సినిమా అద్దె వీడియోకి నాలుగు నెలలకి బదులు మూడు నెలలకే వెళ్లొచ్చు. మన ఒప్పందాల్లో చిన్న సినిమా గురించి చర్చ జరుగుతుంది, చివరికి కలిసి కూర్చున్న బల్ల మీద పెద్దవాళ్ల లెక్కే మిగులుతుంది.

ఇంకో చిక్కు, న్యాయపరమైనది. సంఘాలు కలిసి "ఇన్నాళ్లు ఆగాలి, లేకుంటే బహిష్కరణ" అనడం పోటీ చట్టం ముందు నిలవదు. 2012లో కాంపిటీషన్ కమిషన్ వివిధ రాష్ట్రాల ఫిల్మ్ ఛాంబర్లు, పంపిణీదారుల సంఘాలు సభ్యుల మీద పెట్టిన ఆంక్షలను తప్పుపట్టి జరిమానాలు వేసింది. అంటే మన గడువు రహస్యంగా పాటిస్తే నడుస్తుంది, కాగితం మీద పెడితే నేరమవుతుంది. ఫ్రాన్స్‌లో సరిగ్గా తలకిందులు.

ఇక్కడ కూర్చున్న ఎగ్జిబిటర్ మిత్రులు కొందరు ఫ్రెంచి నిషిద్ధ దినాల్లాంటివి మనకీ కావాలంటారని తెలుసు. నా మాట: అడగొద్దు. అవి అక్కడే చచ్చాయి. అడగాల్సింది ఇది. గడువుకి చట్టంలో చోటు ఇవ్వండి, పోటీ చట్టం నుంచి దానికి మినహాయింపు ఇవ్వండి. ఎనిమిది వారాలా, ఆరా అన్నది పరిశ్రమ తేల్చుకుంటుంది. తెలుగు సినిమాల నిర్మాణంలో ముందస్తుగా ఇంత వాటా పెడతానన్న ఛానల్‌కో వేదికకో గడువు తగ్గించండి. రెండు వారాలు నిండకుండా హాలు నుంచి దిగిపోయిన సినిమాని మూడో వారంలోనే వదిలెయ్యండి. మరి హాలు సంగతి? గడువు తగ్గించుకున్నవాడు కట్టే దానిలోంచి కొంత చిన్న ఊళ్లలో మిగిలిన ఒంటి తెర హాళ్లకి చేరాలి. ఎందుకంటే ఆ గడువు వాళ్ల దగ్గర కొన్నదే.

నిర్మాతలు దీనికి ఒప్పుకోరని నాకు తెలుసు. పెద్ద హీరో సినిమాకి ముందే అమ్మకం జరిగిపోతుంది కనుక వాళ్లకి ఇప్పుడున్నదే సుఖం. అలాంటప్పుడు రాష్ట్ర ప్రభుత్వాలు వాళ్లని అడగ్గలిగిన చోటు ఒకటుంది. పెద్ద సినిమా విడుదలకు ముందు టికెట్టు ధర పెంచుకోనివ్వమనీ, అదనపు షోలు ఇవ్వమనీ అర్జీ పట్టుకుని వచ్చేది సచివాలయానికే. ఆ అర్జీ మీద సంతకం పెట్టే ముందు, ఈ సినిమా హాల్లో ఎన్నాళ్లుంటుంది, చిన్న ఊరికి ఎప్పుడు చేరుతుంది, ఇంటికి ఎప్పుడు వస్తుంది అని ఒక కాగితం రాయించుకోవచ్చు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.